గువ్వల సెలూన్

బావ ఇంటి గేటు ఇప్పుడు చప్పుడు చెయ్యదు. ఒకప్పుడు దాన్ని తోస్తే వీధి మొదట్లో ఉన్నవాడికి కూడా తెలిసిపోయేది, సెలూన్‌కి ఎవరో వచ్చారని. బందులకి గ్రీజు పూసింది వెల్డరే. గడియ కింద సైకిలు ట్యూబు ముక్క అంటించిందీ అతనే. అయినా ఆ ఉదయం పనిముట్ల సంచిని చంటిబిడ్డలా రెండు చేతుల మీదా ఎత్తుకుని, మడమలు నేలకి ఆనకుండా లోపలికొచ్చాడు. సుత్తీ పట్టకారూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పాత తువ్వాలు కుక్కి మరీ తెచ్చాడు.

బావ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నోటి మీద వేలు.

"చెప్పులు," అన్నాడు గాలి మాత్రమే బయటికొచ్చేలా.

"విప్పేశాను."

"దగ్గొస్తే వీధిలోకి పోయి దగ్గు."

"నాకు దగ్గెక్కడిది బావా?"

"పోయినసారి వచ్చింది."

వెల్డరు నవ్వు మింగేశాడు. ఈయన వెల్డరుకి అక్క మొగుడు. బతుకంతా సెలూన్ నడిపినవాడు. చేతిలో కత్తెర, నోట్లో కబురు, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెత్తేవి. జుట్టు అయిపోయినా కబురు అవ్వక కుర్చీలోనే కూర్చుండిపోయినవాళ్లు ఎందరో. అలాంటి మనిషి ఇప్పుడు సొంత ఇంట్లో దొంగలా గుసగుసలాడుతున్నాడు.

"గువ్వ గుడ్డు పెట్టిందా?" అన్నాడు వెల్డరు, తనూ గొంతు తగ్గించి.

"మొన్న పెట్టింది."

"మరి కూర్చుంటోందా?"

"రాత్రంతా ఆడది కదల్లేదు. దాని దోషం లేదురా. పొద్దున దిగిపోయింది. ఇక ఈయనగారు ఎక్కాలి. ఎక్కడే!" బావ కుడిచెయ్యి గాలిలో ఊగింది. ఆ చెయ్యి ఊగడానికి ఇప్పుడు కోపం అక్కర్లేదు, ఊరికే కూడా ఊగుతుంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఆపాడు. "కొమ్మ మీద మెడ చాచుకుని నిలబడతాడు. ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు. గుడ్డేమో చల్లారిపోతుంది."

అంతకుముందు పెట్టిన గుడ్లన్నీ అలాగే పోయాయి. పండ్ల గువ్వ ఒక్కటంటే ఒక్క గుడ్డే పెడుతుంది. రాత్రి ఆడది పొదగాలి, పగలు మగది పొదగాలి. ఇద్దరిలో ఎవరు ఎగ్గొట్టినా అంతే. ఈ ఆడదానికి వయసు మళ్లింది. కాళ్ల మీద పొలుసులు తెల్లబడ్డాయి. ఇదే ఆఖరి గుడ్డు కావచ్చని బావే అన్నాడు.

"ఈసారీ వదిలేస్తే ఆదివారం మందులషాపాయన బుట్ట తెచ్చి ఈ జంటని పట్టుకుపోతాడు. మాటిచ్చేశాను. వాళ్ల తోటలో పిట్ట కూత కూడా వినపడదు. అక్కడైనా సుఖంగా ఉంటాయి."

"ఆ రెండూ పోతే నువ్వేం చేస్తావు బావా?"

"నిద్రపోతాను," అన్నాడు బావ. అని లోపలికి తిరిగిపోయాడు.

ఆ మాట వెల్డరుకి నచ్చలేదు. అక్క పోయాక బావ పొద్దున్నే లేస్తున్నాడంటే ఈ గువ్వలకి పండు తరగాలి కాబట్టి. స్నానం చేస్తున్నాడంటే వాటి ఆకుల మీద నీళ్లు చల్లుతూ ఎలాగూ తడుస్తాడు కాబట్టి. గువ్వలుండే జాలీగది ఖాళీ అయితే ఆ మనిషికి మంచం దిగే పని ఉండదు. ఈ సంగతి వెల్డరు ఎవరితోనూ అనలేదు. బావకీ తెలుసు, అందుకే గుమ్మంలో నిలబడకుండా తిరిగిపోయాడు.

జాలీగది సెలూన్ వెనక గోడకి ఆనించి కట్టినది. కట్టింది వెల్డరే, మీసాలు సరిగ్గా మొలవని రోజుల్లో. బదిలీ మీద వెళ్లిపోతున్న ఇంజనీరొకాయన కటింగుకి వచ్చి, ఒక బుట్ట కుర్చీ పక్కన పెట్టి, "వీటిని రైల్లో తీసుకెళ్లలేను, నువ్వు పెంచు" అని బావకి అంటగట్టి పోయాడు. మూత తీస్తే లోపల రెండు పచ్చని ముద్దలు. మగదాని నడినెత్తిన ఊదారంగు టోపీ, మెడ వెనక ఎర్రమట్టి రంగు, రొమ్ముకి అడ్డంగా నల్లటి పట్టీ. ఆడది నిలువునా ఆకుపచ్చ, నుదుటి పైన మాత్రం సిరా చుక్క.

"మావిడాకులకి కళ్లొచ్చినట్టున్నాయి," అంది అక్క.

మామూలు పావురాలే కదా అని బావ వాటికి గింజలు పోశాడు. అవి గింజల్ని చూసి, బావని చూసి, మళ్లీ ముడుచుకుని కూర్చున్నాయి. రెండోరోజు అక్క తన పళ్లెంలోంచి బొప్పాయి ముక్క ఒకటి పెట్టింది. మగది ముక్కుతో ఎత్తింది, మింగలేక వదిలేసింది. వీటికి కొరకడం రాదు, నమలడం రాదు. ఉన్నది ఉన్నట్టు గుటుక్కుమనిపించడమే. అక్క లోపలికి పోయి బావ అరిగిపోయిన కత్తెర ఒకటి తెచ్చి, బొప్పాయిని బఠాణీ గింజలంత ముక్కలుగా కత్తిరించింది.

"అది నా కత్తెర!" అన్నాడు బావ.

"మీరు తలలు కత్తిరించండి, నేను పండు కత్తిరిస్తాను. ఎవరి గిరాకీ వాళ్లది."

అప్పటినుంచీ ఆ ఇంట్లో రోజూ అదే. పొద్దున్నే బొప్పాయి, అరటి, ద్రాక్ష, ఉడికించిన చిలగడదుంప, అన్నీ ఒకే సైజు ముక్కలు. ఒకదానికొకటి అంటుకోకుండా పైన కాస్త శనగపిండి చల్లి కలిపేది అక్క. తిన్నంతసేపూ తిని, తర్వాత అవి ఆకుల్లో కలిసిపోయేవి. పక్కనే ఉన్నా కనపడవు. కొత్తవాడికి చూపిస్తే ఖాళీ గది చూపించి వేళాకోళం చేస్తున్నారనుకునేవాడు.

గోడకి ఒక కిటికీ ఉంది. కుర్చీ ఎదురుగా ఉన్న పెద్ద అద్దంలో ఆ కిటికీ, కిటికీలోంచి జాలీగదీ కనపడతాయి. కుర్చీలో కూర్చున్నవాడు తన మొహం చూసుకుంటూ, తల పక్కన కొమ్మ మీద గువ్వనీ చూసుకోవచ్చు. అది వేరే ఏ సెలూన్‌లోనూ లేని వైభోగం. జుట్టు పెరగకపోయినా వచ్చి కూర్చునేవారు. ఆదివారం అయితే బెంచీలు చాలవు. రేడియో ఒకవైపు, రాజకీయాలు ఒకవైపు, తల వంచనని ఏడ్చే పిల్లలు ఒకవైపు, అన్నిటి మీదా బావ కత్తెర టికటికా టికటికా. జుట్టు అందకపోయినా బావ కత్తెర ఆగదు, రెండు కత్తిరింపుల మధ్య గాలిని కూడా కత్తిరిస్తూనే ఉంటుంది. ఆ గోలలోనే గోడ అవతల మగగువ్వ గొంతు ఉబ్బించి, హూ... హూ... అని, బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు కూసేది.

వెల్డరు చేసిచ్చిన జాలీ పళ్లేల్లో అవి గూళ్లు కట్టేవి. గూడు అనడానికి సిగ్గేస్తుంది. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, కిందనుంచి చూస్తే గుడ్డు కనపడేంత సందులతో. "నీ వెల్డింగులాగే ఉంది" అనేవాడు బావ. ఆ పుల్లల మీదే పిల్లలు పుట్టాయి. తల్లీతండ్రీ గొంతులోంచి పాలలాంటిది తీసి పట్టేవి. రెక్కలు సగం వచ్చీ రాకముందే ఆ పిల్లలు గూడు దిగి, పాత దూదిపింజల్లా తండ్రి పక్కన అతుక్కుని కూర్చునేవి. జాలీగదిని వెల్డరు రెండుసార్లు పెంచాల్సి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో పెంపకందార్లు వచ్చి, ఇంత గోలలో ఇవి ఎలా పిల్లల్ని చేస్తున్నాయని నోళ్లు తెరిచేవారు.

"పాపం, ఓర్చుకుంటున్నాయి," అనేవాడు బావ. ఆ మాటలో కొంచెం గొప్పా ఉండేది, కొంచెం నొప్పీ ఉండేది.

అక్క మాత్రం వేరే మాట అనేది. వారానికి ఒకరోజు సెలూన్ సెలవు. ఆరోజు మగగువ్వ గూటి మీద కుదురుగా ఉండదని ఆవిడ ఫిర్యాదు. "ఇవాళ గిరాకీ లేదని దానికీ తోచడం లేదు. రేపు పెందలాడే తెరవండి" అనేది. ఇల్లంతా నవ్వేవారు. "మీ అక్క నన్ను సెలవు రోజు కూడా షాపులోకి తరమడానికి ఎత్తు వేస్తోందిరా" అనేవాడు బావ.

అక్క పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి బావ చేతిలోకి వణుకు వచ్చింది. ముందు టీ గ్లాసులో కనపడింది, తర్వాత దువ్వెనలో. ఒకరోజు డ్రాయింగు మాస్టారి చెవి తమ్మె కొస తెగింది. మాస్టారు చెవిని చేత్తో మూసుకుని, "ఏం ఫరవాలేదయ్యా, ఇంకోటి ఉందిగా" అని నవ్వాడు. బావ నవ్వలేదు. ఆ సాయంత్రమే కుర్చీ మీద దుప్పటి కప్పాడు. అద్దం మీద ఇంకోటి కప్పాడు. కిటికీకి గుడ్డ కట్టేశాడు. రేడియోని పాలవాడికి ఇచ్చేశాడు.

"ఇన్నాళ్లూ నా పొట్టకోసం వాటిని గోలలో ఉంచాను," అన్నాడు వెల్డరుతో. "ఇకనుంచైనా ప్రశాంతంగా ఉండనిద్దాం."

అది మంచిమాటలాగే వినపడింది. వెల్డరు గేటుకి గ్రీజు పూశాడు. బావ గచ్చు మీద గోనెపట్టాలు పరిచాడు. పాలవాడు గంట కొట్టడం మానేశాడు. మందులషాపాయన కూడా పండ్ల గువ్వల పెంపకందారే, తన పక్షులు చీమ నడిచినా బెదురుతాయని చెప్పి బావ చేసినదాన్ని మెచ్చుకున్నాడు. అంత చేసినా ఒక్కో ఏడూ గువ్వలు తగ్గుతూ వచ్చాయి. ముసలివి రాలిపోయాయి, కొత్తవి పుట్టలేదు. ఇప్పుడు మిగిలింది ఈ జంట.

ఆ ఉదయం వెల్డరు వచ్చింది ఎలక కన్నం పూడ్చడానికి. జాలీగది మూల అడుగున తుప్పు పట్టి తీగలు విడిపోయాయి. కొత్త జాలీ ముక్క కత్తిరించి కట్టాలి.

"సుత్తి వాడకు," అన్నాడు బావ.

"వాడను."

"కటకటలాడించకు."

"ఇనుము కత్తిరిస్తే చప్పుడు రాదా బావా? పోనీ పళ్లతో కొరకనా?"

"వెటకారం ఒకటి. సెలూన్‌లోకి పోయి తలుపేసుకుని కత్తిరించుకో. నేను పండు తెస్తాను. వచ్చేసరికి అయిపోవాలి."

సెలూన్‌లో చీకటి. సబ్బు వాసనా పౌడరు వాసనా ఇంకా గోడల్లోనే ఉన్నాయి. వెల్డరు చుట్ట విప్పిన జాలీని కాలికింద తొక్కిపట్టి కొలత చూడబోతే చూపు ఆనలేదు. కిటికీ గుడ్డని ఒక పక్కకి జరిపాడు. వెలుగు వచ్చింది. ఆ వెలుగులో అద్దం మీది దుప్పటి ఒక మూల జారి ఉండటం కనపడింది. ఆ మూలలో కొమ్మ, కొమ్మ మీద మగగువ్వ.

బావ చెప్పినట్టే ఉంది. మెడ నిలువునా చాచి, ఒళ్లు సన్నగా బిగించి, పుల్లలా. పక్కనే జాలీ పళ్లెంలో తెల్లగా గుడ్డు. దాని మీద ఎవరూ లేరు.

తిట్టుకుంటూనే రేకుకత్తెర తీసుకుని జాలీ కత్తిరించడం మొదలుపెట్టాడు. తీగ తెగినప్పుడల్లా టిక్కుమంటోంది. టిక్, టిక్, టిక్. అడ్డం పూర్తయి, నిలువు మొదలుపెట్టి, ఒకసారి తలెత్తి అద్దంలోకి చూశాడు. కొమ్మ మీద గువ్వ లేదు.

బెదిరి ఎగిరిపోయిందనుకున్నాడు. బావకి ఏం చెప్పాలి? కళ్లు చిట్లించి వెతికాడు. అది పళ్లెం అంచున ఉంది. వంగి గుడ్డుని ముక్కుతో సర్దుకుంటోంది. ఒక కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. ఒళ్లు వదులు చేసి, రొమ్ము ఈకలు విప్పి, గుడ్డు మీదికి మెల్లగా దిగింది.

వెల్డరు చెయ్యి ఆగిపోయింది. ఊపిరి కూడా బిగబట్టి చూస్తూ నిలబడ్డాడు. మంచిదే కదా, నిశ్శబ్దంగా ఉందామని. కాసేపటికి గువ్వ మెడ మళ్లీ లేచింది. అటు చూసింది, ఇటు చూసింది. లేచి కొమ్మ మీదికి వచ్చేసింది.

అతను తల గోక్కున్నాడు. జాలీ వంక చూశాడు, కత్తెర వంక చూశాడు. మళ్లీ టిక్, టిక్ అనిపించాడు. ఈసారి తీగ కూడా లేదు, ఉత్త గాలి. గువ్వ తల ఒక పక్కకి వంచింది. పళ్లెం అంచు మీదికి దిగింది.

"ఇవాళ గిరాకీ లేదని దానికీ తోచడం లేదు."

అక్క గొంతు పక్కన నిలబడి అన్నట్టే వినపడింది. నవ్వేసి వదిలేసిన మాట. ఆడమనిషి సరదాకి అంటోందనుకున్న మాట. వెల్డరు చేతిలో కత్తెర ఆపకుండానే ఆలోచించాడు. ఈ మగది గుడ్డులో ఉన్నప్పటినుంచీ విన్నది ఏమిటి? కత్తెర, రేడియో, జనం. దీని తండ్రీ అంతే. పెరట్లో పిచుకలు అరుస్తున్నంతసేపూ ఎవరికీ ఏ భయమూ ఉండదు. పైన డేగ తిరిగినప్పుడే పిచుకా ఉడుతా అన్నీ ఒక్కసారి నోరు మూస్తాయి. ఆ నిశ్శబ్దం విని ఏ పిట్ట గూట్లో కుదురుగా కూర్చుంటుంది? వీళ్లు గ్రీజు పూసి, గోనెపట్టాలు పరిచి, ఈ ఇంటి మీద రాత్రీ పగలూ డేగని తిప్పారు.

తలుపు తెరుచుకుంది. బావ, చంకలో బొప్పాయి.

"నీకు బుద్ధుందా?" గుసగుసే అయినా పొగలు కక్కింది. "ఆ గాలి కత్తిరించడం ఏంట్రా, పిచ్చిగానీ పట్టిందా?"

"మాట్లాడకు. అద్దంలో చూడు."

"అద్దంలో ఏముంటుంది నా మొహం!"

"నీ మొహం కాదు. దాని పక్కన."

బావ చూశాడు. చాలాసేపు చూశాడు. బొప్పాయి చంకలోంచి జారబోతే పట్టుకుని బెంచీ మీద పెట్టాడు.

"ఎప్పుడు ఎక్కింది?"

"నేను కత్తిరిస్తుంటే. ఆపితే దిగిపోతోంది. మళ్లీ మొదలెడితే ఎక్కుతోంది. అక్క చెప్పేది కదా, సెలవు రోజున..."

"మీ అక్క వేళాకోళానికి అనేది."

"మనం వేళాకోళం అనుకున్నాం."

బావ మొహం మాడ్చుకున్నాడు. ఆ మనిషి మనసులో ఏం తిరుగుతోందో వెల్డరుకి తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లు ఓర్చుకుంటున్నాయనుకున్న పక్షులు ఓర్చుకోవడం లేదు, ఇష్టంగా వింటున్నాయి. ప్రేమతో చేసిన పనే వాటి గూళ్లు ఖాళీ చేసింది.

"నాకు చెయ్యి నొప్పెడుతోంది బావా. రేకుకత్తెర బరువు. నీది అందుకో."

"నేను ముట్టను."

"గాలినే కత్తిరించు. గాలికి చెవులుండవు."

బావ కదల్లేదు. వెల్డరు కత్తెర ఆపేశాడు, కావాలనే. అద్దంలో గువ్వ మెడ లేచింది. అది చూడగానే బావ కాళ్లు వాటంతట అవే అద్దం కింది బల్ల దగ్గరికి నడిచాయి. సొరుగు లాగాడు. చేతులు ఏ కత్తెర కావాలో వెతుక్కోలేదు, దానికదే వేళ్లలోకి వచ్చింది. టికటికా టికటికా. ఇనుము తీగ మీది మొరటు చప్పుడు కాదు ఇది. వెల్డరుకి అక్క వంటగదిలో ఉన్నట్టు, ఇంకాసేపట్లో టీ గ్లాసులు పట్టుకుని వచ్చి కాలితో తలుపు తోస్తుందన్నట్టు అనిపించింది.

గువ్వ కూర్చుంది. కళ్లు సగం మూసుకుంది.

"పగలంతా ఇలా నిలబడి గాలి కత్తిరిస్తే వీధిలోవాళ్లు నన్ను తాళ్లతో కడతారు," అన్నాడు బావ. ఈసారి గుసగుస కాదు, మామూలు గొంతు.

"అయితే నా జుట్టు కత్తిరించు."

"ఒద్దురా."

"పెరిగింది కదా."

"నా చెయ్యి చూశావా నువ్వు?"

"నా జుట్టు చూశావా నువ్వు? దీన్ని ఇంకా పాడు చెయ్యడం నీ తరం కాదు."

వెల్డరు కుర్చీ మీది దుప్పటి లాగేసి కూర్చున్నాడు. అద్దం మీదిదీ లాగేశాడు. తెల్లగుడ్డ తనే మెడకి చుట్టుకున్నాడు. వెనక బావ నిలబడి ఉన్నాడు, కత్తెర ఆడుతూనే ఉంది, తల దగ్గరికి మాత్రం రావడం లేదు. అద్దంలో ఇద్దరి మొహాలు, వాటి మధ్య గువ్వ.

"కబురేదైనా చెప్పు," అన్నాడు వెల్డరు. "ఉత్త కత్తెరేనా? గిరాకీకి ఇదేనా మర్యాద?"

"ఏం చెప్పమంటావు?"

"నువ్వు అక్కని చూడ్డానికి వచ్చినప్పుడు మా నాన్నకి సగం గడ్డం గీసి ఆపేసిన కబురు."

"ఆపెయ్యలేదురా! మీ నాన్నే లేచిపోయాడు. నేను ఒక చెంప గీస్తున్నాను, మీ అక్క నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నేను అటు చూశాను. మీ నాన్న నన్ను చూశాడు. మెడ మీద కత్తి పెట్టి పక్కచూపులు చూసేవాడికి పిల్లనివ్వనని..." బావ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఎడమచేత్తో వెల్డరు తలని కాస్త వంచాడు, వేలమందికి వంచినట్టే. చల్లగా ఇనుము చెవి వెనక తగిలింది.

వెల్డరు కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే భయపడ్డాడనుకుంటాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. కత్తెర కొస ఒకసారి మాడుకి గుచ్చుకుంది, ఇంకోసారి మెడ మీద గీరింది. ఒకచోట నున్నగా పోయింది, ఒకచోట కుచ్చు మిగిలింది. చెవి దగ్గరికి వచ్చినప్పుడల్లా బావ తన ఎడమ అరచేతిని చెవి మీద గిన్నెలా మూసి, పైనుంచి కత్తిరించాడు. కబురు మాత్రం ఎక్కడా తడబడలేదు.

ఆ సాయంత్రం దాకా కబురూ ఆగలేదు, గువ్వా గూడు దిగలేదు. పొద్దు వాలాక ఆడది వచ్చి పక్కన వాలి, తనే నెట్టి లేపింది.

కన్నం పూడ్చి వెల్డరు ఇంటికి పోతే, భార్య తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది.

"ఎలకలు పట్టడానికి వెళ్లావా, ఎలకలకి తల అప్పగించి వచ్చావా?"

"బావ కత్తిరించాడు."

ఆవిడ నవ్వాపింది. చుట్టూ తిరిగి చూసింది. "మళ్లీ మొదలెట్టాడా?" అని, మెట్లుమెట్లుగా ఉన్న ఆ జుట్టుని చేత్తో ఒకసారి సర్దింది. "బాగానే ఉందిలే. టోపీ పెట్టుకుని తిరుగు."

మర్నాడు పాలవాడు రేడియో తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఆ మర్నాడు డ్రాయింగు మాస్టారు వచ్చి, మెట్టు మీదే నిలబడి, "నా రెండో చెవి కూడా తెచ్చాను" అని కేకేశాడు. బావ చెయ్యనన్నాడు. మాస్టారు వినకుండా కుర్చీలో కూర్చుని, "దువ్వు చాలు, కత్తెర గాల్లో ఆడించు. నాకు తలమీద ఉన్నదే నాలుగు వెంట్రుకలు, నీకు కావల్సింది నా నోరు కదా" అన్నాడు. ఆయన నోరు మొదలైతే అయ్యేది కాదు. తర్వాత ఒకరి వెంట ఒకరు. జుట్టు కత్తిరించుకునే ధైర్యం ఉన్నవాళ్లు తక్కువ, కూర్చుని మాట్లాడే ఓపిక ఉన్నవాళ్లు ఎక్కువ. బెంచీ మళ్లీ చాల్లేదు.

ఆదివారం మందులషాపాయన మూత బుట్ట పట్టుకుని వచ్చాడు. గేటు చప్పుడు చెయ్యలేదు కాబట్టి ఆయన వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. గుమ్మంలో నిలబడి చూస్తే లోపల రేడియో, దాన్ని మించి మాస్టారు, మాస్టార్ని మించి బావ. ఆయన మొహం పాలిపోయింది.

"ఏంటన్నా ఇది? గుడ్డు పోయినట్టేనా?"

"ఇటు వచ్చి ఈ అద్దంలో చూడు," అన్నాడు బావ.

ఆయన వచ్చి చూశాడు. మగది గూటి మీద ముద్దలా ఉంది. ఇంత గోలకీ ఈక కదలడం లేదు. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు.

"మా ఇంట్లో అయితే ఈపాటికి గోడకి తల కొట్టుకుని చచ్చేవి," అన్నాడు.

"మీ ఇంట్లో పుట్టినవి మీ ఇంటిలాంటివి. ఇవి సెలూన్‌లో పుట్టాయి," అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గింది. "మాట తప్పుతున్నాను. ఏమనుకోకు."

"ఏమనుకుంటాను? బోలెడు దూరం ఖాళీ బుట్ట మోసుకొచ్చాను అనుకుంటాను." బుట్టని బయట గోడవార పెట్టి, బెంచీ మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. "నా వంతు ఎవరి తర్వాత?"

ఆ తర్వాత ఒక ఉదయం వెల్డరు పనికి పోతూ, టోపీ సర్దుకుంటూ బావ ఇంటి ముందు ఆగాడు. బావ జాలీగదిలో గచ్చు కడుగుతున్నవాడు కడుగుతున్నట్టే వచ్చాడు, చెయ్యి చాచుకుని. వణుకుతున్న అరచేతిలో సగం గుడ్డు పెంకు. లోపల ఇంకా తడి ఆరలేదు. గువ్వలు పిల్ల బయటికి రాగానే పెంకుని ఎత్తి గూటికి దూరంగా పడేస్తాయి. ఆ ఇంట్లో అలాంటి పెంకు దొరికి ఎన్నాళ్లయిందో ఇద్దరికీ తెలుసు.

ఇద్దరూ సెలూన్‌లోకి పోయి అద్దం ముందు నిలబడ్డారు. మగదాని రొమ్ము కింద ఏదో కదిలింది. అది వంగి ముక్కు తెరిచింది. లోపలినుంచి కళ్లు తెరవని తల ఒకటి లేచి, తడుముకుంటూ ఆ ముక్కులోకి దూరింది.

"మీ అక్క..." అన్నాడు బావ. పెంకుని తీసుకెళ్లి అద్దం కింది బల్ల మీద, దువ్వెనల పక్కన, అక్క బొప్పాయి కత్తిరించిన అరిగిపోయిన కత్తెర దగ్గర పెట్టాడు. దొర్లిపోకుండా కింద కాస్త పౌడరు చల్లాడు.

"పనికి పోతున్నావా?" అన్నాడు వెల్డరు వైపు తిరక్కుండానే.

"పోవాలి."

"పోయేముందు ఆ గేటు సంగతి చూడు. మనుషులు దొంగల్లా వస్తున్నారు. ఎవరొచ్చారో వాటికి తెలియద్దూ?"

వెల్డరు సంచిలోంచి కిరసనాయిలు సీసా తీశాడు. గేటు దగ్గర కూర్చుని, తను పూసిన గ్రీజుని తనే గుడ్డపీలికతో తుడిచి, బందులు కడిగాడు. ట్యూబు ముక్క పీకేశాడు. బందులు ఆరేదాకా ఆగి, గేటుని ఒక్క తోపు తోశాడు.

పాత కేక వీధి మొదటిదాకా వినపడింది. లోపలినుంచి బావ అరిచాడు.

"ఈక కూడా కదల్లేదురా! ఇంకోసారి తొయ్యి!"